పాటల చేబదులు

చేబదులుకు పత్రము లేదు, సాక్షి లేడు. ఇచ్చువాని చేతినుండి పుచ్చుకొనువాని చేతికి పోవుటే దాని మార్గము. అరకు లోయకు ఎగువనున్న కొండపల్లెలలో పాట కూడ ఇట్లే పయనిస్తున్నది. జేబులో ఫోను ఉన్నను టవరు అందని ఊళ్ళు అక్కడ ఇంకను ఉన్నవి. సంతకు దిగినవాడు సిగ్నలు దొరికినచోట నాలుగు పాటలు దింపుకొంటాడు. ఊరు చేరగానే అవి బ్లూటూత్ మీద పదిమంది ఫోనులకు ఎక్కుతవి. డబ్బువలె ఈ బదులు ఇచ్చినవాని వద్ద తరగదు. పుచ్చుకొన్నవాడు మరుక్షణమే దాత అవుతాడు.

యంత్రవిద్యలో దీనిని పీర్ టు పీర్ అంటారు. 1999లో వచ్చిన నాప్‌స్టర్ పాటలను శ్రోతల వద్దనే ఉంచినను, ఏది ఎవరి వద్ద ఉన్నదో తెలిపే పట్టికను ఒక కేంద్రములో పెట్టినది. 2001లో కోర్టు ఉత్తర్వుతో ఆ కేంద్రము మూతపడగానే అంతయు ఆగినది. అదే సంవత్సరము బ్రామ్ కోహెన్ వెలువరించిన బిట్‌టొరెంట్ మరొక దారి తొక్కినది. దస్త్రమును ముక్కలుచేసి, ఎవరికి అందిన ముక్కను వారు తక్కినవారికి పంచుతారు. బంతికి వచ్చినవారే వడ్డనకు దిగినట్లు, జనము పెరిగినకొద్దీ పంపకము చురుకవుతుంది.

పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌధరి నడిపిన సీజీనెట్ స్వర 2010 నుండి అడవిపల్లెల గొంతును ఫోనుకెక్కించినది. తరువాత అక్కడ పుట్టినదే ‘బుల్టూ రేడియో’. పల్లెవారి నోట బ్లూటూత్ బుల్టూ అయినది. ఎంత అందమైన తద్భవము! కార్యక్రమమును ఇంటర్నెట్ ఉన్నచోట దింపి, పల్లెకు మోసి, ఫోనునుండి ఫోనుకు పంచేవారు.

అయితే ఈ చేబదులులో ఒక లోపమున్నది. అందరు అడిగినదే అందరికి అందుతుంది. సినిమాపాట ప్రతి ఫోనులోను ఉంటుంది. తెలుగుకు చుట్టములైన కువి, కొండ భాషల పాట గాని, ముండా కుటుంబపు గుతోబు గదబ పాట గాని ఏ ఒకరిద్దరి వద్దనో ఉంటుంది. బిట్‌టొరెంట్‌లో దీనికి విరుగుడుగా ఒక నియమమున్నది: తక్కువమంది వద్దనున్న ముక్కనే ముందు తెచ్చుకోవలెను. అది గలవాడు వెడలిపోతే దస్త్రము ఎవరికిని పూర్తి కాదు గనుక. సంతలో అట్టి నియమము లేదు. అవ్వ పాడిన పాట మనుమని ఫోనులో ఒక్కదానిలోనే ఉండి, అది గెడ్డలో జారిపడితే పాటయు పోయినట్లే. అవ్వ సరేనంటే దానిని పది ఫోనులకెక్కించుటకు సంతనాడు ఒక గడియ చాలును.