దొంగ గుండెకు గుడిలో శాంతి!

నమ్మిన స్నేహితుడే మిమ్మల్ని శత్రువుకి పట్టిచ్చాడు. ఆ తర్వాత మీ చేతిలోనే ప్రాణం వదిలాడు. ఇప్పుడు అతని గుండె మీ దగ్గరుంది. ఏం చేస్తారు? అక్కడే వదిలేస్తారా... గుడికి తీసుకెళ్తారా?

ఇది సినిమా కథ కాదు, ఓ కంప్యూటర్ గేమ్ అడిగే ప్రశ్న. కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ 2000లో తెచ్చిన ‘బాల్డర్స్ గేట్ 2’లోది. ఇలాంటివాటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. ఇందులో హీరో ఆడేవాళ్లే. ఎవర్ని వెంట తీసుకెళ్లాలో, ఎవరితో ఏం మాట్లాడాలో వాళ్లే నిర్ణయించుకోవాలి.

కథ మొదలయ్యేసరికి హీరో ఇరెనికస్ అనే మాంత్రికుడి చెరలో ఉంటాడు. తప్పించుకునే దారిలో తారసపడతాడు యోషిమో. సరదా మనిషి. తాళాలు తీయడంలో, ఉచ్చులు పసిగట్టడంలో దిట్ట. మరి వృత్తో... డబ్బు తీసుకుని మనుషుల్ని వేటాడి పట్టివ్వడం! ఆట లెక్కల్లో అతనిది దొంగల వర్గమే. అయితేనేం, ఆపదలో తోడొచ్చినవాణ్ని కాదంటామా? గంటల తరబడి కలిసి పోరాడాక మనవాడైపోతాడు.

ఆ తర్వాతే అసలు దెబ్బ. మాంత్రికులను బంధించే స్పెల్‌హోల్డ్‌కి చేరాక అతని నిజస్వరూపం బయటపడుతుంది. మొదట్నుంచీ యోషిమో ఇరెనికస్ మనిషే!

కోపం వస్తుంది కదూ. కానీ, అతనికీ ఓ ఇల్లుంది. తమోకో అతని తోబుట్టువు. 1998లో వచ్చిన మొదటి భాగం ఆడినవాళ్లకు ఆమె గుర్తుండే ఉంటుంది... విలన్ సారెవోక్‌ని ప్రేమించి, అతణ్ని ఎలాగైనా కాపాడుకోవాలని తపించిన అమ్మాయి. అప్పుడు ‘శత్రువు మనిషి’ అని దాటేసిన ఆమె కోసం ఏడ్చేవాడు ఒకడున్నాడన్నమాట! ఇరెనికస్ యోషిమోని మంత్రంతో కట్టేశాడు. చెప్పిన పని చేయకపోతే ప్రాణం పోతుంది. మనతో తిరిగాక మనసు మారినా, వెనక్కి తగ్గే దారి లేదు. ఎటు ధర్మముందో తెలిసీ కట్టుబాటు దాటలేకపోయిన కర్ణుడి కథ విన్న మనకి ఈ సంకటం కొత్తదేం కాదు.

చివరికి అతనితో పోరు తప్పదు. చావు తర్వాతా ఆ మంత్రం వీడదు. బాధల్ని ఓర్చుకునే దేవుడు ఇల్మేటర్. అతని గుడికి యోషిమో గుండెను తీసుకెళ్తే, పూజారి ఆ బంధం విడిపిస్తాడు. అలా చేయకపోయినా కథ ఆగదు. అందుకే, తీసుకెళ్లాలో వద్దో తేల్చుకోవాల్సింది మన మనసే.

2013లో ఈ ఆటను మెరుగులుదిద్ది మళ్లీ విడుదల చేశారు. మీ ఇంట్లో కుర్రాళ్లు ఎవరైనా అది ఆడుతుంటే, ‘ఎంతవరకు గెలిచావ్’ అని కాదు, ‘యోషిమో గుండెను ఏం చేశావ్’ అని అడిగి చూడండి. వాళ్ల మనసేంటో తెలుస్తుంది!