నేల చీలితే సముద్రం

ఆఫ్రికా ఖండంలో ఇథియోపియా దేశం ఉంది. అందులో అఫార్ అనే ఎండలు మండే ప్రాంతం ఉంది. అక్కడ చాలామందికి మేకలు, ఒంటెలే ఆస్తి. 2025 నవంబరు 23న అక్కడ హైలీ గుబ్బి అనే అగ్నిపర్వతం పేలింది. ఊళ్ళను బూడిద కప్పేసింది. పశువులకు మేత కరువైంది. ఆ బూడిద గాలిలో కొట్టుకొచ్చి మన ఢిల్లీ దాకా చేరింది. కొన్ని విమానాలు కూడా ఆపేశారు.

ఎందుకిట్లా అయింది? అక్కడ నేల చీలుతోంది.

మన కాళ్ళ కింద నేల ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. వాటి కింద, బాగా లోతున, రాయి కాలిపోతూ ఉంటుంది. అది గట్టిదే, అయినా చాలా నెమ్మదిగా కదులుతుంది. పలకలు ఎడంగా జరిగితే నేల సాగుతుంది. రొట్టె పిండి ముద్దను రెండు వైపులా లాగి చూడండి. మధ్యలో పలచబడుతుంది. నేలా అంతే. లోపల సాగుతుంది. పైన మాత్రం ఎండిన చెరువు మట్టిలా పగులుతుంది. పగుళ్ళ నడుమ నేల కుంగి లోయ అవుతుంది. పలచబడిన చోట అడుగు రాయి పైకి వస్తుంది. మీది బరువు తగ్గేసరికి కొంత కరుగుతుంది. కరిగిన రాయి పగుళ్ళలోంచి పైకి ఎక్కుతుంది. బయటపడితే అదే లావా.

లోయ ఇంకా కుంగితే సముద్రపు నీరు లోపలికి వస్తుంది. అఫార్ పక్కనున్న ఎర్ర సముద్రం ఇట్లానే పుట్టింది. ఒకప్పుడు అరేబియా, ఆఫ్రికా ఒకే నేల. సుమారు 3 కోట్ల ఏళ్ళ కింద విడిపోవడం మొదలైంది. ఇప్పుడు ఆ సముద్రం అడుగున లావా గట్టిపడి కొత్త నేల తయారవుతోంది. రెండు ఒడ్లూ ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు ఎడమవుతున్నాయి. మన చేతి గోరే అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది!

అన్నిసార్లూ ఇంత నిదానం కాదు. 2005 సెప్టెంబరులో అఫార్‌లో కొద్ది వారాల్లోనే 60 కిలోమీటర్ల పొడవున నేల విడింది. కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా ఎడమైంది. ఆరు గజాల చీర పొడవు కూడా అంత ఉండదు.

ప్రతి చీలికా సముద్రం కాదు. మన గోదావరి లోయ కోట్ల ఏళ్ళ కింద చీలడం మొదలై మధ్యలో ఆగిపోయింది. కుంగిన లోయలో చెట్లూ, మట్టీ పడి పూడిపోయాయి. ఆ చెట్లే బొగ్గయ్యాయి. సింగరేణి గనుల్లో తవ్వేది ఆ బొగ్గే. పాత పగుళ్ళు అడుగున అట్లాగే ఉన్నాయి. 1969లో భద్రాచలం దగ్గర భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4న పొద్దున్నే ములుగు జిల్లాలో వచ్చింది. ఆ కుదుపు హైదరాబాదు దాకా తెలిసింది.