లారీని ఆపు గాలి

బండికి వేగము నిచ్చునది ఇంజను. ఆ వేగమునకు హద్దు నిలుపునది బ్రేకు. కదలని బండివలన కలుగు నష్టము స్వల్పము. నిలువని బండివలన కలుగు నష్టమునకు మేర లేదు. ముప్పది టన్నుల బరువుతో పల్లమునకు దిగు లారీని మనుష్యుని పాదబల మొక్కటియే ఆపజాలదు. ఆ పాదమునకు తోడ్పడునది మనము పీల్చుకొను గాలియే.

ఈ విద్య రైళ్లలో పుట్టినది. 1869లో అమెరికా దేశస్థుడగు జార్జి వెస్టింగ్‌హౌస్ సంపీడిత వాయువుతో పనిచేయు బ్రేకునకు పేటెంటు పొందెను. అందొక లోపముండెను. గొట్టము తెగినచో గాలి పోవును. గాలి పోయినచో బ్రేకే లేదు. 1872లో ఆయన పద్ధతిని తలక్రిందులు చేసెను. గొట్టములో గాలి నిండియున్నంతవరకు బ్రేకు వదలియుండును. గాలి తగ్గినంతనే అది తనంతట పడును. ప్రమాదహేతువే రక్షణహేతువైనది.

నేటి లారీలో ఇంజనుతో తిరుగు కంప్రెసరు గాలిని ట్యాంకులలో నింపును. డ్రైవరు పెడలు త్రొక్కగానే ఆ గాలి చక్రములకడ నున్న ఛాంబరులలో ప్రవేశించి అందలి పొరను నెట్టును. పొర యొక కడ్డీని త్రోయును. కడ్డీ స్లాక్ అడ్జస్టరు అను చేతిని త్రిప్పును. దానితో ‘ఎస్’ ఆకారముగల క్యాము తిరిగి, బ్రేకు షూలను డ్రమ్ము లోపలి గోడకు అదుమును. పొర వైశాల్యము 30 చదరపు అంగుళములు, గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 100 పౌండ్లు అనుకొన్నచో, కడ్డీపై పడు బలము 3,000 పౌండ్లు! ఇదిగాక ఛాంబరులలో బలమైన స్ప్రింగులును ఉండును. గాలి వానిని అణచియుంచును. గాలి పోయినచో అవి విచ్చుకొని బ్రేకును వేయును. వెస్టింగ్‌హౌస్ సూత్రము ఇచ్చట మరల కానవచ్చుచున్నది.

ఇన్ని అంగములలో ఏది చెడినను బండి అదుపు తప్పవచ్చును. కావుననే అమెరికాలో 1986 నాటి చట్టమువలన ఏర్పడిన ప్రత్యేక లైసెన్సు కోరు డ్రైవరు, తన బండికి గాలి బ్రేకులున్నచో, వాని పరీక్షను స్వయముగా చేసి చూపవలెను. మొదట చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, ఒత్తిడిని సుమారు 125 పౌండ్లవరకు పెంచి, ఇంజను ఆపి, బ్రేకులు వదలి, గేజిని ఒక నిమిషము గమనించవలెను. ఒంటి లారీలో 2 పౌండ్లకు, ట్రైలరు తగిలించిన దానిలో 3 పౌండ్లకు మించి ఒత్తిడి తగ్గరాదు. పిదప పెడలు గట్టిగా అదిమిపట్టి మరియొక నిమిషము చూడవలెను. అప్పటి మితి క్రమముగా 3, 4 పౌండ్లు. తరువాత పెడలును పలుమారులు త్రొక్కి గాలిని ఖర్చుచేసినచో, ఒత్తిడి 55 పౌండ్లకు తగ్గకమునుపే హెచ్చరిక దీపము వెలుగవలెను. 45, 20 పౌండ్ల నడుమ స్ప్రింగు బ్రేకులు తమంతట పడవలెను. ట్యాంకుల అడుగున చేరు నీటిని, నూనెను తీసివేయుటయు ముఖ్యమే. శీతలదేశములలో ఆ నీరు గడ్డకట్టి బ్రేకులను పనిచేయనీయదు.

గేజి చెప్పజాలని లోప మొకటి కలదు. షూలు అరిగినకొలది వానికిని డ్రమ్మునకును ఎడము పెరుగును. కడ్డీ మరింత దూరము నడువవలసి వచ్చును. పెడలు త్రొక్కు పాదమునకు ఈ భేదము తెలియదు. సమతలముపై మెల్లగా ఆపునపుడు అంతయు సరిగానే తోచును. పల్లములో మాత్రము డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూలకు మరింత దూరమగును, కడ్డీ తన పరిమితిని చేరి ఆగిపోవును, లారీ ఆగదు. అందుచేత పార్కింగు బ్రేకులు వదలి స్లాక్ అడ్జస్టరును చేతితో గట్టిగా లాగి చూడవలెను. కడ్డీ తగిలియున్నచోట అది సుమారు ఒక అంగుళమునకు మించి కదలినచో సర్దుబాటు అవసరము.

1994 నుండి అమెరికాలో తయారగు గాలి బ్రేకుల లారీలకు తమంతట సర్దుకొను అడ్జస్టరులు తప్పనిసరియైనవి. వీనిని నమ్మి పరీక్ష మానుట ఎంత తప్పో, ఇవి వదులైనపుడు కారణము వెదకక చేతితో బిగించి పంపుట అంత తప్పు. 2003 ఏప్రిల్ 11న పెన్సిల్వేనియా రాష్ట్రములోని గ్లెన్‌రాక్ పట్టణమున, పల్లము దిగుచున్న డంపు లారీ ఆగక కార్లను ఢీకొనగా ప్రాణనష్టము జరిగెను. మితిమించిన బరువు, గాలి బ్రేకుల శిక్షణలేని డ్రైవరు, సరిగా సంరక్షింపబడని బ్రేకులు కారణములని ప్రభుత్వ విచారణలో తేలెను. మెకానిక్కులు అసలు లోపమును గుర్తింపలేకపోయిరనియు వెల్లడియైనది. బ్రేకులను ముట్టిచూచినవారున్నను వ్యాధి తెలిసినవారు లేకపోయిరి.

పెన్సిల్వేనియా కొండ దిగు లారీకిని, మన నల్లమల ఘాట్ రోడ్డు దిగు లారీకిని వర్తించు భౌతికశాస్త్ర మొక్కటే. ఒత్తిడి, వైశాల్యము, వ్యాకోచము అను పాఠములను తరగతిలో వల్లించు విద్యార్థి, అవి రోడ్డుమీద ఎన్ని ప్రాణములను కాపాడుచున్నవో తెలిసికొనుట మంచిది. బయలుదేరుటకు ముందు గేజివైపు నిమిషము చూచుచు నిలుచున్న డ్రైవరు కాలము వృథాచేయుటలేదు. తానెన్నడును చూడబోని బాటసారుల క్షేమమును విచారించుచున్నాడు.