వైరస్ డీఎన్‌ఏను కోసి చదివిన రోజులు

మెడికల్ షాపులో దొరికే ఇన్సులిన్‌కూ, పసిబిడ్డలకు వేసే హెపటైటిస్-బి టీకాకూ మూలం వెతుక్కుంటూ పోతే అమెరికా, జెనీవాల్లోని కొన్ని ల్యాబుల దగ్గర తేలతాం. అక్కడ డీఎన్‌ఏను కోసే పని మొదలుపెట్టినవాళ్లెవరూ మందు కనిపెడదామని కూర్చోలేదు. బ్యాక్టీరియా తన మీద పడే వైరస్‌ను ఎలా అడ్డుకుంటుందన్నదే వాళ్ల ప్రశ్న. ఆ కథలోని విశేషాలు కొన్ని.

• పగిలిన టెస్ట్‌ట్యూబ్: 1950ల మొదట్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సాల్వడార్ లూరియాకు ఒక చిక్కు ఎదురైంది. ఒక రకం ఇ.కోలై బ్యాక్టీరియాలోకి వెళ్లిన వైరస్ దాన్ని చంపుతోంది కానీ, కొత్త వైరస్‌లు మాత్రం కనిపించడం లేదు. ఒకరోజు పరీక్షకు వాడే బ్యాక్టీరియా ఉన్న ట్యూబు పగిలిపోయింది. దాని బదులు తోటి శాస్త్రవేత్త దగ్గర షిగెల్లా బ్యాక్టీరియా అడిగి తెచ్చుకున్నారు. అందులో వైరస్ చక్కగా పెరిగింది! అంటే వైరస్ నశించలేదు, కొన్ని బ్యాక్టీరియాల్లో దానికి అడ్డుకట్ట పడుతోందన్నమాట. ఈ అడ్డుకట్టకు రెస్ట్రిక్షన్ అన్న పేరు అలా వచ్చింది.

• తనది గుర్తుపట్టే బ్యాక్టీరియా: ఆ అడ్డుకట్ట ఏమిటో 1960లలో జెనీవాలో వెర్నర్ ఆర్బర్ తేల్చారు. బ్యాక్టీరియా తన డీఎన్‌ఏకు మిథైల్ గుర్తులు పెట్టుకుంటుంది. ఆ గుర్తు లేని పరాయి డీఎన్‌ఏ లోపలికొస్తే ఎంజైముతో కోసేస్తుంది.

• పలచబడిన ద్రావణం: కచ్చితంగా ఒకే రకం వరుస దగ్గర కోసే ఎంజైము బాల్టిమోర్‌లో దొరికింది. జాన్స్ హాప్కిన్స్‌లో హామిల్టన్ స్మిత్, ఆయన విద్యార్థి కెంట్ విల్కాక్స్ పొడవాటి డీఎన్‌ఏ ఉన్న ద్రావణం చిక్కగా ఉంటుందన్న చిన్న విషయాన్ని పట్టుకున్నారు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బ్యాక్టీరియాను చిదిమి తీసిన రసాన్ని వైరస్ డీఎన్‌ఏలో కలిపి, ద్రావణం చిక్కదనం కొలిచారు. నిమిషాల్లో పలచబడింది, అంటే డీఎన్‌ఏ తెగుతోంది. అదే రసాన్ని ఆ బ్యాక్టీరియా సొంత డీఎన్‌ఏలో కలిపితే చిక్కదనం చెక్కుచెదరలేదు. ఈ ఫలితం 1970లో అచ్చయింది. ఎ, టి, జి, సి అక్షరాలతో సాగే డీఎన్‌ఏలో ఆ ఎంజైము ఆరక్షరాల వరుసను గుర్తించి సరిగ్గా మధ్యలో కోస్తుందని స్మిత్, థామస్ కెల్లీ చూపించారు.

• డీఎన్‌ఏలో వికటకవి: శాన్‌ఫ్రాన్సిస్కోలో హెర్బర్ట్ బాయర్ ల్యాబులో దొరికిన ఈకో-ఆర్-వన్ ఎంజైము జి-ఎ-ఎ-టి-టి-సి వరుసను వెతికి కోస్తుంది. డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి ఉంటాయి కాబట్టి, ఎదుటి పోగును ఆ చివర నుంచి చదివినా మళ్లీ జి-ఎ-ఎ-టి-టి-సియే! వికటకవి పదాన్ని ఎటు నుంచి చదివినా ఒకటే అయినట్టు. కోసిన చోట రెండు పోగులకూ ఎ-ఎ-టి-టి అన్న కొస మిగులుతుంది. ఆ కొసలు ఒకదానికొకటి అతుక్కుంటాయని 1972లో స్టాన్‌ఫర్డ్‌లో జానెట్ మెర్ట్జ్, రోనాల్డ్ డేవిస్ చూపించారు. వేర్వేరు జీవుల డీఎన్‌ఏలను కలపడానికి దారి అక్కడ పడింది.

• పదకొండు ముక్కలు: స్మిత్ ఎంజైము కబురు అందేనాటికి సహోద్యోగి డానియల్ నాథన్స్ ఇజ్రాయెల్‌లో ఉన్నారు. తిరిగొచ్చి దాన్ని ఎస్‌వీ-40 అనే వైరస్ మీద ప్రయోగించారు. ఈ వైరస్ 1960లో, పోలియో టీకా తయారీకి వాడే కోతి మూత్రపిండ కణాల్లో బయటపడింది. దాని డీఎన్‌ఏ గుండ్రంగా ఉంటుంది, మరీ చిన్నది. విద్యార్థిని క్యాథ్లీన్ డానాతో కలిసి నాథన్స్ దాన్ని కోసి, జెల్‌లో కరెంటు పెట్టి ముక్కలను సైజు వారీగా విడదీశారు. పదకొండు ముక్కలొచ్చాయి. 1971లో వెలువడిన ఆ పనితోనే జన్యుపటాలు గీయడం మొదలైంది. ఆర్బర్, నాథన్స్, స్మిత్‌లకు 1978లో నోబెల్ వచ్చింది.

• మొదటి పేరు రెడ్డి: అదే 1978 మే నెలలో ఎస్‌వీ-40 డీఎన్‌ఏ మొత్తం వరుస అచ్చయింది. యేల్ విశ్వవిద్యాలయంలో షెర్మన్ వైస్‌మన్ బృందం ఒకటి, బెల్జియంలో వాల్టర్ ఫియర్స్ బృందం ఇంకొకటి విడివిడిగా సాధించాయి. సైన్స్ పత్రికలో వచ్చిన యేల్ వ్యాసానికి మొదటి రచయిత వి.బి. రెడ్డి. తిమ్మప్పయ్య, సుబ్రమణియన్, ఘోష్ పేర్లూ ఆ జాబితాలో ఉన్నాయి. నేటి లెక్కన ఆ వైరస్‌లో 5,243 అక్షర జతలున్నాయి.

• ముక్కలు ముక్కలుగా జన్యువు: జన్యువంటే తెగకుండా సాగే వరుస అన్నదే 1977 దాకా అందరి నమ్మకం. ఆ ఏడాది ఎంఐటీలో ఫిలిప్ షార్ప్ బృందం, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో రిచర్డ్ రాబర్ట్స్ బృందం ఎడినోవైరస్ ఆర్‌ఎన్‌ఏను (జన్యువు నకలును) దాని డీఎన్‌ఏతో జతకలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశాయి. జత కుదరని డీఎన్‌ఏ ఉచ్చుల్లా పైకి లేచి కనిపించింది. ఆర్‌ఎన్‌ఏ తలభాగం దూరదూరంగా ఉన్న మూడు చోట్ల నుంచి వచ్చి అతుకుతోంది. షార్ప్, రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ దక్కింది. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆ మైక్రోస్కోపు చిత్రాలు తీసిన లూయీజ్ చౌకు, ఎంఐటీలో ప్రయోగాలు చేసిన సూసన్ బర్జెట్‌కు అందులో వాటా రాలేదు. వాళ్ల పేర్లు కూడా మన పిల్లలకు చెప్పాలి.

• ఒక్క అక్షరం, ఒక క్యాన్సర్: ఉస్మానియాలో చదువుకున్న ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో 1981లో ఎలుకల సార్కోమా (ఒక రకం క్యాన్సర్) వైరస్ జన్యు వరుస మొత్తం చదివిన బృందానికి నాయకుడు. మరుసటి ఏడాది మూత్రాశయ క్యాన్సర్ కణంలోని రాస్ అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిందని ఆయన బృందమూ, మరో రెండు బృందాలూ చూపించాయి. జి-జి-సి ఉండాల్సిన చోట జి-టి-సి ఉంది. ఆ మార్పుతో సి-సి-జి-జి అన్న కోత స్థానం మాయమవుతుంది. అందుకే మామూలు జన్యువును అక్కడ కోసే ఎంజైము క్యాన్సర్ జన్యువును అక్కడ కోయలేదు.

• మందుల షాపు దాకా: 1973లో స్టాన్లీ కోహెన్, బాయర్ అతికించిన డీఎన్‌ఏను బ్యాక్టీరియాలో పెంచారు. 1982లో బ్యాక్టీరియా తయారుచేసిన మానవ ఇన్సులిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. ఇదే దారిలో 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయ హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చింది.

ప్రయోజనమేమిటని ముందే నిలదీసి ఉంటే ఈ పనుల్లో సగానికి డబ్బే దొరికేది కాదు. మన విశ్వవిద్యాలయాల్లోనూ ఉత్త కుతూహలంతో అడిగే ప్రశ్నకు చోటుండాలి. సైన్సు చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఒక పని చెప్పండి. ఎస్‌వీ-40 వరుసను జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ జన్యు వరుసల భాండాగారంలో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో జి-ఎ-ఎ-టి-టి-సి ఒకే ఒక్కచోట ఉంటుంది. వెతికి పట్టుకోమనండి.