ఖాళీ తూటా మెడ ఎందుకు చీలుతుంది? ఇత్తడికీ మంటకీ ఉన్న లెక్క

గన్ పేలగానే ఒక ఇత్తడి గొట్టం ఎగిరి కింద పడుతుంది, సినిమాల్లో చూసే ఉంటారు. దాన్ని కేస్ అంటారు. అమెరికాలో షూటింగ్ హాబీ ఉన్నవాళ్లు దాన్ని పారెయ్యరు. మళ్ళీ మందు నింపి, బుల్లెట్ పెట్టి వాడుకుంటారు. అదే రీలోడింగ్. అయితే కొన్నిసార్లు వాడాక ఆ కేస్ మెడ చీలిపోతుంది. ఎందుకు?

ఒక సన్న రాగి తీగని అటూ ఇటూ వంచి చూడండి. మొదట ఈజీగా వంగుతుంది, తర్వాత మొండికేస్తుంది, చివరికి పుటుక్కున తెగుతుంది. కేస్‌కి వాడే ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింక్. పేలినప్పుడు మెడ ఉబ్బుతుంది, రీలోడింగ్‌లో దాన్ని మళ్ళీ నొక్కుతారు. ఇలా ప్రతిసారీ లోపలి స్ఫటికాలు నలిగి, లోహం గట్టిపడి, పెళుసెక్కుతుంది.

దీనికి మన దేశంతో లింక్ ఉన్న కథ ఒకటుంది, నాకు చాలా ఇష్టం. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వానలు తగ్గాక చూస్తే, కాల్చకుండానే చాలా కేసులు పగిలి ఉండేవి! కారణం 1921లో తేలింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఒకవైపు, తయారీలో సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి ఇంకోవైపు. రెండూ కలిస్తే పగులే. దీన్ని సీజన్ క్రాకింగ్ అంటారు.

మరి ఆ ఒత్తిడి పోవాలంటే? వేడి చెయ్యాలి. తగినంత వేడి తగిలితే నలిగిన స్ఫటికాల చోట కొత్తవి పుట్టి, ఇత్తడి మళ్ళీ మెత్తబడుతుంది. ఇదే అనీలింగ్. సుత్తితో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పనిలోనూ రేకు గట్టిపడితే ఇలాగే కాల్చి మెత్తబరుస్తారు.

ఇంట్లో చేసేవాళ్లు ఖాళీ కేస్‌ని గ్యాస్ టార్చ్ ముందు తిప్పుతూ కొన్ని సెకన్లు మాత్రమే కాలుస్తారు. అదీ మెడ, భుజం వరకే. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మెడ మెత్తగా ఉండాలి, అడుగు మాత్రం గట్టిగానే ఉండాలి. పేలుడు ఒత్తిడిని తట్టుకునేది ఆ అడుగే. వేడి అక్కడిదాకా పాకి అది మెత్తబడిందా, కేస్ పగిలి మండే గ్యాస్ వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి తన్నొచ్చు. ఒకసారి మెత్తబడిన అడుగుని మళ్ళీ గట్టిపరిచే దారి ఇంట్లో లేదు. అలాంటి కేస్‌ని పారెయ్యడమే.

ఇంకో అపోహ. కమ్మరి ఎర్రటి ఉక్కుని నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది కదా, ఇత్తడి కూడా అంతేనా? కాదు. ఇత్తడిని నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది. నీళ్లు వేడి పాకకుండా ఆపుతాయి, అంతే.

చివరిగా ఒక్క మాట. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చెయ్యడం నేరం. కాబట్టి ప్రయోగం రాగి తీగతోనే చెయ్యండి. మళ్ళీ కలుద్దాం!