ఫోన్లో చెప్పిన ‘సరే’

ఆఫీసు మీటింగ్‌లో ఉండగా నాన్న నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్. తెనాలిలో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులకు వెళ్ళే ఆసుపత్రి. ఇక్కడ న్యూజెర్సీలో ముసలివాళ్ళు ఏళ్ళ తరబడి ఉండిపోయే చోటు. “సాయంత్రమైతే మీ నాన్నగారు బాగా అలజడి పడుతున్నారు. క్వెటియాపిన్ మొదలుపెట్టమంటారా?” అంది నర్సు. “సరే” అన్నాను. నిమిషం కూడా పట్టలేదు.

శనివారం వెళ్తే నాన్న చక్రాల కుర్చీలో గడ్డం గుండెకి ఆనించి కూర్చున్నారు. చొక్కా మీద చొంగ. పిలిస్తే ఒక కన్నే తెరిచారు.

ఆ మందు స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బులకు వచ్చింది. 2005లో అమెరికా ఎఫ్‌డీఏ 17 పరీక్షల లెక్కలు తీసింది. పది వారాల్లో ఈ తరహా మందులు వాడిన, నాన్నలాంటి డిమెన్షియా వృద్ధుల్లో సుమారు 4.5 శాతం మంది పోతే, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలో 2.6 శాతం. అప్పటినుంచీ మందు కాగితం మీద నల్ల గీతల మధ్య ఆ హెచ్చరిక ఉంటోంది. ఫోన్లో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. నాన్ననైతే ఇద్దరం అడగలేదు.

సిబ్బంది వీలు కోసం మందుతో మనిషిని కట్టిపడెయ్యకూడదని ఇక్కడ 1987లోనే చట్టం వచ్చింది. మందు ఎందుకు, నష్టమేమిటి, వేరే దారి ఉందా అన్నది ముందే చెప్పాలి. వద్దనొచ్చు. ఒప్పుకున్నాకా వద్దనొచ్చు. ఈ ఆఖరిది నాకు ఆలస్యంగా తెలిసింది.

“ఏ లక్షణానికి ఇస్తున్నారు?” అని అడిగితే రికార్డు చూపించారు: నాలుగున్నరకి తలుపు దగ్గర అరుపులు. ఏమని అరుస్తున్నారో రాయలేదు. అక్కడ తెలుగు ఎవరికొచ్చు?

డాక్టరు మందు కొద్దికొద్దిగా తగ్గించారు, ఒక్కసారిగా మానెయ్యకూడదట. ఒకరోజు సెలవు పెట్టి సాయంత్రం దాకా కూర్చున్నాను. డిసెంబరు, నాలుగున్నరకే చీకటి. నాన్న లేచి తలుపు పట్టుకున్నారు.

“అమ్మాయ్, పొద్దుగూకిపోయింది. గేదెలింకా ఇల్లు చేరలేదేం?”

నలభై ఏళ్ళు పాడి చేసిన మనిషి.

‘గేదెలు వచ్చేశాయి’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మంచం పక్కన అంటించాను. మొన్న ఆయా “గెడెలు వచేసాయ్” అని చదివితే నాన్న తలుపు వదిలి వెనక్కి తిరిగారు.

“దూడని కట్టేశారా?”

దానికి జవాబు నేనింకా రాయలేదు.