మీ బోరు నీరు పటముపై ఎచ్చట నున్నది?

నల్లగొండ జిల్లాలో ఒకే ఊరి రెండు బోర్లను తీసికొనుడు. ఒకదానిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే యుండవచ్చును. కొద్ది దూరములోని రెండవ దానిలో 3 దాటవచ్చును. రంగులోగాని రుచిలోగాని భేదము తెలియదు. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు అనుమతి గలదు. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లలకు గారపండ్లు వచ్చును. పెద్దలకు కీళ్ళు బిగిసి నడుము వంగును.

అందుచే ఊరి సగటు లెక్క మీకు చాలదు. ఏ బోరులో ఎంత యున్నదో, దాని నీరు ఏ యిండ్లవారు త్రాగుచున్నారో కలిపి చూడవలెను. భౌగోళిక సమాచార వ్యవస్థ చేయు పని ఇదియే. గ్రామ నక్షాపై పలుచని కాగితములను ఒకదానిపై నొకటి పరచినట్లు ఊహింపుడు. ఒకదానిపై బోర్లు, వాని లోతు. మరొకదానిపై రాతి జాతులు. వేరొకదానిపై నీటి పరీక్షల ఫలితములు. పై దానిపై గారపండ్లు గల పిల్లల యిండ్లు. కంప్యూటరు వీనిని సరిగా పొందించి చూపును. 1854లో లండనులో కలరా మరణములను డాక్టరు జాన్ స్నో పటముపై గుర్తింపగా, అవి ఒక వీధి పంపు చుట్టును గుమిగూడి కనిపించినవి. పని పాతదే, సాధనము మాత్రము క్రొత్తది.

ఇచ్చటి ఫ్లోరైడు గ్రానైటు రాతినుండి వచ్చును. పగుళ్ళలో నీరు ఎంతకాలము నిలిచిన అంత ఎక్కువ కరగును.

అయితే పటములోని రంగును గ్రుడ్డిగా నమ్మరాదు. పరీక్షించిన రెండు బోర్ల నడుమ పూసిన రంగు లెక్కకట్టి వేసిన అంచనాయే. మీ పొలము మంచి రంగులో పడినను మీ బోరు నీటిని పరీక్ష చేయించుడు. మోటారు కొంతసేపు నడిచిన పిదప, ప్లాస్టికు సీసాను ఆ నీటితోనే రెండు మూడుసార్లు కడిగి నింపవలెను. గాజు సీసా పనికిరాదు. చీటీపై సర్వే నంబరు, బోరు లోతు, తేది, చేతిఫోను చూపు అక్షాంశ రేఖాంశములు వ్రాయుడు. ఇవి లేని ఫలితము పటమునకు ఎక్కదు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వలన ఇంటికి నదీజలము వచ్చుచున్నను, పత్తి తీయ వచ్చిన కూలీలు మధ్యాహ్నము త్రాగునది తరచు పొలము బోరు నీరే. వారికి ఇంటినుండియే నీరు తీసికొని పొండు. మరగించిన ఫ్లోరైడు పోవునని కొందరందురు. పోదు, నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన దానిలో మరింత చిక్కబడును.